బ్యాటరీ తీసి పెడితే పికప్ పెరుగుతుందా? – మీ కారు ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఫిల్టరో, సైలెన్సరో, రీమ్యాపో (అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయించాక కారు కంప్యూటర్‌ని రీసెట్ చేయాలా వద్దా అని. అందుకే మొదటి జవాబు పెద్దది అయింది, ఓపిగ్గా చదవండి, మిగతా ప్రశ్నలకు కూడా అందులోనే సగం సమాధానం ఉంది.

ప్రశ్న (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు): నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అండి. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీయించేసి కోన్ ఫిల్టర్, కింద ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ పెట్టించాను. పెట్టినాయన "బ్యాటరీ మైనస్ అరగంట తీసి పెట్టు, కంప్యూటర్ కొత్త పార్టులకి సెట్ అయిపోద్ది, పికప్ అదిరిపోద్ది" అన్నారు. అలాగే చేశాను. రెండు రోజులు నిజంగానే బండి బాగా లాగింది, తర్వాత మళ్ళీ మామూలే. పైగా ఇప్పుడు బండి ఆపితే ఐడిలింగ్ పైకీ కిందకీ ఊగుతోంది, మైలేజీ పడిపోయింది, నిన్న చెక్ లైట్ కూడా వచ్చింది. మళ్ళీ ఒకసారి బ్యాటరీ తీయమంటారా?

జవాబు: ఇప్పుడే తీయకండి. చెక్ లైట్ వెలిగిందంటే కంప్యూటర్ ఏదో తప్పు కనిపెట్టి దాన్ని రాసి పెట్టుకుందని అర్థం. బ్యాటరీ తీస్తే చాలా కార్లలో ఆ రాత చెరిగిపోతుంది, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది, తర్వాత ఏ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా ఆయన మొదటి నుంచి వెతుక్కోవాలి. ముందు స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రీసెట్ ఆఖరి పని.

అసలు రీసెట్ చేస్తే ఏం పోతుంది, ఏం ఉంటుంది అన్నది తెలిస్తే మీ అనుమానం చాలావరకు తీరిపోతుంది. ఇంజిన్ కంప్యూటర్‌లో రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి కంపెనీ వాళ్ళు రాసి పెట్టిన పట్టిక, దాన్నే మ్యాప్ అంటాం. ఇన్ని ఆర్‌పీఎంలో, ఇంత గాలి లోపలికి వస్తుంటే, ఇంత పెట్రోల్ కొట్టాలి, స్పార్క్ ఇన్ని డిగ్రీల ముందు వేయాలి అని అందులో ఉంటుంది. అది బ్యాటరీ తీసినా పోదు. నెల్లాళ్ళు తీసి పెట్టినా పోదు. రెండోది, బండి నడుస్తుండగా కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్న సవరణలు. ఫిల్టర్ పాతబడినా, ఇంజెక్టర్ కొంచెం మూసుకుపోయినా, పెట్రోల్ మారినా, ఆ తేడా సరిచేసుకోవడానికి మ్యాప్ మీద ఇంత శాతం కలుపు, ఇంత శాతం తగ్గించు అని రాసుకుంటుంది. వీటినే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్ ట్రిమ్, స్థిరంగా గుర్తు పెట్టుకునేది లాంగ్ టర్మ్ ట్రిమ్. మీరు బ్యాటరీ తీస్తే చెరిగిపోయేది ఈ నేర్చుకున్న సవరణలే. కొన్ని కార్లలో అదీ పోదు, ఎందుకంటే కరెంటు లేకపోయినా నిలిచే మెమరీలో రాస్తారు, వాటికి స్కానర్‌తోనే చెరపాలి.

ఈ సవరణ దేన్ని చూసి చేస్తుందంటే, సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి. కాలువ లాకుల దగ్గర దిగువ నీటిమట్టం చూసుకుంటూ షట్టర్ ఎత్తుతారు, దించుతారు చూడండి, ఇక్కడా అంతే, పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కైతే 13.5 దగ్గర సరిపోతుంది, అంటే అదే గాలికి పెట్రోల్ కొంచెం ఎక్కువ కొట్టాలి. పాత కారు కూడా ఈ పెట్రోల్‌తో నడుస్తోందంటే ఈ ట్రిమ్ పుణ్యమే. రీసెట్ చేసిన ప్రతిసారీ ఆ సర్దుబాటు కూడా సున్నాకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఇక మీ రెండు రోజుల పికప్ సంగతి. సవరణలన్నీ సున్నా అయ్యాక కంప్యూటర్ మూల మ్యాప్ మీద నడుస్తుంది. అంతకు ముందు నాక్ సెన్సర్ (ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా మండక వచ్చే టకటక శబ్దాన్ని పట్టేది) ఆ చప్పుడు విని స్పార్క్‌ని వెనక్కి లాగి ఉంటే అది కూడా చెరిగిపోయి టైమింగ్ మళ్ళీ ముందుకు వస్తుంది. అందుకే కొన్నాళ్ళు బండి చురుగ్గా అనిపిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ నేర్చుకుని ఎక్కడుండాలో అక్కడికే వచ్చేస్తుంది. మీరు మళ్ళీ తీస్తే మళ్ళీ రెండు రోజులు, అంతే. ఇంకో మాట, ఊళ్ళలో చాలామంది "బ్యాటరీ తీసి పెడితే నా బండి బాగుపడింది" అంటారు, అబద్ధం చెప్పరు వాళ్ళు. మన తీరంలో ఉప్పు గాలికి టెర్మినల్స్ మీద, ఎర్త్ వైర్ల దగ్గర పచ్చటి తుప్పు పడుతుంది. తీసి మళ్ళీ బిగించేటప్పుడు అది కాస్త రాలి, కాంటాక్టు బాగుపడి, బండి బాగవుతుంది. మేలు చేసింది తుడవడం, పేరొచ్చింది రీసెట్‌కి. నర్సాపురం, అంతర్వేది వైపు తిరిగే బండ్లకు ఎర్త్ పాయింట్లు శుభ్రం చేయించడం ఏటా చేయించుకోవాల్సిన పని.

ఇప్పుడు అసలు జబ్బు. మీరు చెప్పిన లక్షణాలకు నాకు మూడు అనుమానాలున్నాయి.

మొదటిది ఎగ్జాస్ట్ ప్యాకింగ్. కొత్త పైపు ఎక్కడి నుంచి మార్చారో నాకు తెలియదు కానీ, ముందు ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందున్న జాయింట్‌లో చిన్న లీకు ఉన్నా, పొగ బయటికి పోవడమే కాకుండా బయటి గాలి లోపలికి కూడా లాగబడుతుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి ఇంజిన్‌కి పెట్రోల్ చాలట్లేదు అనుకుంటుంది. కంప్యూటర్ పాపం ఇంకా పెట్రోల్ కొడుతుంది. మైలేజీ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి. ఎంత మంచి కంప్యూటరైనా సెన్సర్ తప్పు చెప్తే తప్పే చేస్తుంది, ఎన్నిసార్లు రీసెట్ చేసినా అదే తప్పు మళ్ళీ నేర్చుకుంటుంది. ఉదయాన్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి జాయింట్ల దగ్గర చెవి పెట్టి వినండి, టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే లీకు ఉన్నట్టే.

రెండోది కోన్ ఫిల్టర్ పెట్టిన పైపు. ఫిల్టర్‌కి, త్రాటిల్‌కి (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని వదిలే మూత) మధ్య గొట్టం మీద వైర్లున్న చిన్న సెన్సర్ కనిపిస్తే మీ బండిది మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) పద్ధతి అయి ఉండొచ్చు. ఆ సెన్సర్ లెక్క కంపెనీ గొట్టం వెడల్పుకి సరిపడేలా వేసింది. మీకు పెట్టిన పైపు వెడల్పు ఎక్కువైతే సెన్సర్ దగ్గర గాలి నెమ్మదిగా వెళ్తుంది, ఉన్నదానికంటే తక్కువ గాలి వచ్చిందని చెప్తుంది, పెట్రోల్ తక్కువ పడుతుంది. ఇక నూనె రాసే కాటన్ ఫిల్టర్ అయితే, నూనె ఎక్కువైతే అది వెళ్ళి సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది. మాసూళ్ళ (కోతలు, నూర్పిళ్ళ) రోజుల్లో మన రోడ్ల మీద ధాన్యం దుమ్ము ఎలా లేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ దుమ్ము ఆ నూనెకి అంటుకుంటే ఇంకేముంది. మాఫ్ క్లీనర్ అని స్ప్రే విడిగా దొరుకుతుంది, దాంతోనే కడగాలి, కార్బ్యురేటర్ స్ప్రే వాడకండి, చేత్తో గానీ బ్రష్‌తో గానీ ముట్టుకోకండి.

మూడోది ఊడిపోయిన వాక్యూమ్ గొట్టం. పాత ఫిల్టర్ బాక్సుకి చిన్న చిన్న రబ్బరు గొట్టాలు కలిసి ఉంటాయి, కోన్ పెట్టేవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేస్తుంటారు, అక్కడి నుంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది, దీన్నే వాక్యూమ్ లీకు అంటారు. ఐడిలింగ్ ఊగడానికి ఇది చాలా మామూలు కారణం.

ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి ఊహ అక్కర్లేదు. ఓబీడీ పోర్టుకి (స్కానర్ తగిలించే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ ముక్క దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. ఇంజిన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్ ట్రిమ్ రెండూ కలిపి చూడండి. 5 శాతం అటూ ఇటూ ఉంటే చాలా మంచిది, 10 దాకా పర్వాలేదు, 20 దాటి 25 వైపు వెళ్తే లైటు వేస్తుంది. ఐడిల్‌లో +18 చూపించి 2,500 ఆర్‌పీఎం దగ్గర +3కి పడిపోతే వాక్యూమ్ లీకు. ఐడిల్‌లో బాగుండి వేగం పెరిగే కొద్దీ ప్లస్ పెరుగుతుంటే మాఫ్ సెన్సర్ లెక్క తేడా, లేదా పెట్రోల్ పంపు నీరసించడం. కోడ్ పి0171 అయితే పెట్రోల్ చాలట్లేదని, పి0172 అయితే ఎక్కువైందని. పి0420 అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేయట్లేదని, అది వచ్చి, ఎగ్జాస్ట్‌తో పాటు మీ కన్వర్టర్ కూడా తీసేసి ఉంటే, దానికి ఏ రీసెట్టూ మందు కాదు, కన్వర్టర్ తిరిగి పెట్టించాలి.

అదే యాప్‌లో లోపలికి వెళ్ళే గాలి వేడి ఎంతో కూడా చూడండి. కోన్ ఫిల్టర్ ఇంజిన్ పక్కనే బోర్లా పడి ఉంటే బయటి గాలికంటే చాలా వేడి గాలి పీలుస్తుంది. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ, పైగా కంప్యూటర్ ఇంజిన్‌ని కాపాడటానికి స్పార్క్ వెనక్కి లాగుతుంది. మే నెలలో తణుకు ట్రాఫిక్‌లో నిలబడిన కారుకి ఇది పికప్ పోగొట్టుకోవడమే. కంపెనీ ఫిల్టర్ బాక్సు బయటి నుంచి చల్లగాలి తెచ్చేలా కట్టింది, దయచేసి దాన్ని పారేయకండి. మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి మ్యాప్ మార్చకుండా ఫిల్టరూ సైలెన్సరూ మారిస్తే పెద్దగా పెరిగేది శబ్దం, ఆ శబ్దానికి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పట్లేదు, ఇంకో పది వేలు పెట్టేముందు తెలియాలని చెప్తున్నాను.

అన్నీ సరిచేశాక, అప్పుడు రీసెట్ చేయండి. అప్పుడది అవసరం కూడా, ఎందుకంటే లీకు ఉన్నప్పుడు నేర్చుకున్న తప్పుడు సవరణలు పోవాలి. స్కానర్‌తో చెరపడం మేలు. బ్యాటరీతోనే చేయాలంటే తాళంచెవి బయటికి తీసేసి పది నిమిషాలు ఆగండి, కంప్యూటర్లు పడుకోవాలి. పది నంబరు స్పానర్‌తో మైనస్ మాత్రమే విప్పి, టెర్మినల్‌కి తగలకుండా పక్కకి పెట్టి అరగంట వదిలేయండి. స్టీరియోకి కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి, గడియారం, పవర్ విండో ఆటో సెట్టింగ్ మళ్ళీ చేసుకోవాలి. తిరిగి బిగించాక తాళం ఆన్ చేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా అర నిమిషం ఆగి, స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఐడిల్‌లో వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. ఐడిలింగ్ మొదట్లో కొంచెం తిక్కగా ఉంటే కంగారు పడొద్దు, త్రాటిల్ తన సున్నా ఎక్కడో వెతుక్కుంటోంది. కొన్ని కంపెనీల బండ్లకు ఇది స్కానర్‌తోనే నేర్పాలి, మాన్యువల్ చూడండి.

తర్వాత నడపడం. ట్రిమ్‌లు ఒకే అంకెగా ఉండవు, వేగానికీ, ఇంజిన్ మీద బరువుకీ తగ్గట్టు వేరువేరు గళ్ళలో రాసుకుంటుంది. మన డెల్టా అంతా బల్లపరుపు, ఎత్తు ఎక్కడమంటే వంతెన ఎక్కడమే, కాబట్టి ఒక్కరే కూర్చుని కాలువ గట్టు మీద తిరిగితే సగం గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఊళ్ళో నెమ్మదిగా కొంత, 216 హైవే మీద చించినాడ వైపు 60, 70లో నిలకడగా కొంత, గేరులో ఉంచి కాలు తీసేసి బండిని దానంతట అది తగ్గనిచ్చి కొంత, నలుగురిని ఎక్కించుకుని ఏసీతో కొంత నడపండి. మారేడుమిల్లి ఘాట్ వైపు వెళ్ళే పని ఉంటే ఇంకా మంచిది. ట్యాంకు పావు నుంచి ముప్పావు మధ్య ఉంచండి, కంప్యూటర్ తనంతట తాను చేసుకునే కొన్ని పరీక్షలు ట్యాంకు నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా జరగవు. వారం తర్వాత ట్రిమ్ అంకెలు మళ్ళీ చూసి, మొదట చూసిన అంకెలతో పోల్చి నాకు రాయండి.

ప్రశ్న (భీమవరం దగ్గర చెరువులు చేసే ఒక పాఠకుడు): మాది 2014 డీజిల్ బండి. స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించాను, చాలా బాగుంది. ఈలోగా బ్యాటరీ పాడై కొత్తది వేయించాల్సి వచ్చింది. బ్యాటరీ తీస్తే రీమ్యాప్ పోతుందా? డీజిల్‌కి కూడా రీసెట్ చేయాలా?

జవాబు: పోదండి, నిశ్చింతగా మార్చండి. రీమ్యాప్ చేసినవాళ్ళు మార్చింది మూల మ్యాప్‌నే, అది బ్యాటరీతో పోయేది కాదు. అయితే సర్వీస్‌లో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మాత్రం మీ మ్యాప్ మీద కంపెనీ మ్యాప్ పడుతుంది, ముందే చెప్పి ఆపించండి. ఇంకొకటి, రీమ్యాప్ సంగతి కోడ్లు చెరిపితే దాగదు, ఎన్నిసార్లు రాశారన్న లెక్క చాలా కంప్యూటర్లు దాచుకుంటాయి.

డీజిల్‌లో పెట్రోల్ బండిలాంటి ట్రిమ్ వ్యవహారం ఉండదు. అక్కడ ముఖ్యం ఇంజెక్టర్ కోడ్‌లు. ప్రతి ఇంజెక్టర్ తలమీద ఒక అంకెల వరుస చెక్కి ఉంటుంది, ఇంజెక్టర్ మారిస్తే ఆ అంకెలు స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి. చెప్పకుండా బ్యాటరీ తీసి పెట్టి సరిపెట్టే గ్యారేజీకి వెళ్ళకండి, పొగ, వణుకు రెండూ వస్తాయి.

నా ఆందోళన మీ వాడకం గురించి. మేత బస్తాలు నింపుకుని గట్ల మీద రెండో గేరులో లాగే బండికి అదనపు టార్క్ (లాగే బలం) ఇస్తే మొదట దెబ్బ తినేది క్లచ్. ఆర్‌పీఎం లేస్తూ వేగం పెరగకపోతే జారుతున్నట్టే. నల్ల పొగ వస్తుంటే ఆ మ్యాప్ రాసినాయన డీజిల్ ఎక్కువ కొట్టించాడని, అది టర్బోని కాలుస్తుంది, వెనక్కి తీసుకెళ్ళి తగ్గించమనండి. మీ ఒరిజినల్ ఫైలు ఒక కాపీ అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోండి, ఇవ్వనంటే ఆ మనిషి దగ్గర పని చేయించుకోవద్దు. వైరు మధ్యలో తగిలించే ట్యూనింగ్ బాక్సులైతే అసలు సలహా ఇవ్వను, అవి రైల్ ప్రెషర్ సెన్సర్ (ఇంజెక్టర్లకు వెళ్ళే డీజిల్ ఒత్తిడిని కొలిచేది) చెప్పే మాటను మార్చి కంప్యూటర్‌ని మోసం చేస్తాయి, కంప్యూటర్‌కి నిజం తెలియదు కాబట్టి కాపాడలేదు.

ప్రశ్న (కోనసీమ లంక గ్రామం నుంచి ఒక పాఠకుడు): చల్లగాలి కోసం ఇన్‌టేక్ పైపుని బంపర్ కిందకి దింపించాను. పోయిన వరదకి కాజ్‌వే దాటుతుంటే బండి ఆగిపోయింది. ఒక మెకానిక్ కంప్యూటర్ తడిసి ఉంటుంది, రీసెట్ చేసి స్టార్ట్ కొట్టండి అన్నారు. భయపడి కొట్టలేదు. సరిగ్గా చేశానా?

జవాబు: చాలా సరిగ్గా చేశారు. ఆ భయమే మీ ఇంజిన్‌ని కాపాడి ఉంటుంది. బంపర్ కింద నోరు తెరిచిన పైపు మోకాలి లోతు నీళ్ళలో కూడా నీరు పీల్చేస్తుంది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో నీరుండగా స్టార్ట్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అక్కడి నుంచి ఇంజిన్ మొత్తం విప్పడమే. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, తడిగా ఉంటే ప్లగ్గులు గానీ, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ తీసి ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీరు బయటికి పంపాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చాలి. బ్యాటరీ తీసి ఉంచడం మంచిదే, కానీ ఆరబెట్టడానికి, తడి కనెక్టర్లలో కరెంటు పారకుండా. కంప్యూటర్ డ్యాష్‌బోర్డు కింద ఉన్న బండ్లలో కాళ్ళ దగ్గరికి నీళ్ళొస్తే దాని కనెక్టర్ విప్పి పిన్నులు పచ్చబడ్డాయేమో చూడాలి.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మన లంకలు ఎలా ఉన్నాయో అందరం చూశాం. ఏటా జూలై, ఆగస్టు వచ్చే ఊళ్ళో ఉంటూ ఆ పైపు కింద ఉంచకండి. కంపెనీ పెట్టిన ఎత్తులోకి మార్పించేయండి. మీ ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో కూడా ఇవాళే చూడండి, అది లేకపోతే నీటిలో స్టార్ట్ కొట్టి పాడైన ఇంజిన్‌కి మామూలుగా డబ్బు ఇవ్వరు.

ప్రశ్న (తణుకు నుంచి ఒక పాఠకురాలు): మా కారుకి సీఎన్‌జీ కిట్ కంపెనీలో కాకుండా బయట గ్యారేజీలో పెట్టించాం. గ్యాస్ మీద బాగానే ఉంది, పెట్రోల్‌కి మార్చగానే మిస్సింగ్ వస్తోంది. రీసెట్ చేస్తే కొన్నాళ్ళు బాగుంటోంది.

జవాబు: కిట్‌కి వేరే కంప్యూటర్ ఉంటుందమ్మా, అది మీ పెట్రోల్ కంప్యూటర్ చెప్పే ఇంజెక్టర్ సమయాన్ని తీసుకుని గ్యాస్ లెక్కకి మార్చుకుంటుంది. ఆ గ్యాస్ మ్యాప్ సరిగ్గా కుదరకపోతే, పెట్రోల్ కంప్యూటర్ ఆ తేడాని తన తప్పు అనుకుని ట్రిమ్ మార్చేసుకుంటుంది. పెట్రోల్‌కి రాగానే ఆ తప్పుడు ట్రిమ్ మీదే నడుస్తుంది కాబట్టి మిస్సింగ్. కిట్ పెట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ల్యాప్‌టాప్ పెట్టి, గ్యాస్ మీదా పెట్రోల్ మీదా ట్రిమ్ అంకెలు దగ్గర దగ్గరగా వచ్చేలా ట్యూన్ చేయమని గట్టిగా అడగండి. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే బలం పరీక్ష) చేయించాలి, ఆ తేదీ కూడా చూసుకోండి.

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక పాఠకుడు): ఇవన్నీ చేయిస్తే పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: పట్టుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి భిన్నమయ్యేలా బండి మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ఎక్కువైతే సెక్షన్ 190 కింద 10,000 దాకా జరిమానా వేరే. సీఎన్‌జీ లాంటి అనుమతి ఉన్న మార్పులు రవాణా శాఖ ఆఫీసులో ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేసి ఆ కాపీ ఆర్సీతో పాటు ఉంచుకోండి.